అడిగేవాళ్లు లేక ఆగిపోతున్న ఓటు

(హైదరాబాద్‌లోని ఒక కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశంలో విశ్రాంత అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన సంఘం సమావేశాల్లో ఎప్పుడూ మంజీర నీళ్లు, వీధి దీపాలు, పార్కు గోడ, కుక్కల బెడద గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఓటు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. అడగ్గానే ఒప్పుకున్నాను. నా దృష్టిలో ఇది కూడా ఆ నీళ్ల గురించి, ఆ దీపాల గురించి జరిగే చర్చే.

ముందు కొన్ని లెక్కలు చెప్తాను, ఎక్కువ చెప్పను. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 71 శాతం ఓట్లు పడ్డాయి. హైదరాబాద్ జిల్లాలో దాదాపు 47 శాతం. 2018లో అది 50 దగ్గర ఉండేది. మునుగోడులో 90 శాతం దాటితే, పాతబస్తీలోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా పడలేదు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే. 2024 మేలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. భువనగిరి స్థానంలో 76 శాతం దాటింది. హైదరాబాద్‌లో 48.48, సికింద్రాబాద్‌లో 49.04, మల్కాజిగిరిలో 50.78. హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ 2014లో 53 శాతం దగ్గర ఉన్నవే. 2019లో బాగా పడిపోయి, 2024లో కొంచెం లేచాయి కానీ పాత మెట్టు ఎక్కలేదు. మొన్న 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. పార్టీలన్నీ వీధి వీధీ తిరిగాయి, టీవీల్లో నెల రోజులు అదే మాట. అయినా సగం మంది రాలేదు.

ఇక మన బల్దియా, అంటే నగర కార్పొరేషన్ ఎన్నికలు. 2009లో 42 శాతం, 2016లో 45, 2020లో 46 దాటింది. పెరుగుతోంది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, పెరిగింది. కానీ మూడు ఎన్నికల్లో ఒక్కసారి కూడా సగానికి చేరలేదు. 2020 డిసెంబరు 1న 74 లక్షల పైచిలుకు ఓటర్లలో దాదాపు 40 లక్షల మంది బూత్‌కు రాలేదు. కంచన్‌బాగ్ వార్డులో 70 శాతం పడితే, యూసుఫ్‌గూడ వార్డులో 33 శాతం కూడా పడలేదు. నగరం ఒకటే, ఎన్నిక ఒకటే, రోజు కూడా ఒకటే.

పోలింగ్ మర్నాడు పేపర్లో ఏం రాస్తారో మీకు తెలుసు. నగర ఓటరు బద్ధకించాడు, చదువుకున్నవాళ్లు సెలవు రోజని ఇంట్లో పడుకున్నారు, కార్లేసుకుని షికారుకు పోయారు. ఈ తిట్లు చాలా ఏళ్లుగా చదువుతున్నాను. వాటి వల్ల ఒక్క ఓటు పెరిగిన దాఖలా లేదు. పైగా అది నిజం కూడా కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

2024 మే 13న తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు పోలింగ్. దానికి ముందు రెండు రోజులూ విజయవాడ హైవే చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరాయి. ఎంజీబీఎస్ బస్టాండులో బస్సుల్లో నిలబడడానికి చోటు లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో పిల్లల్ని చంకనేసుకుని, సంచులు పట్టుకుని అర్ధరాత్రి దాకా బస్సు కోసం నిలబడ్డారు జనం. ఎక్కడికి? ఓటేయడానికి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు దాదాపు 82 శాతం ఓట్లు పడ్డాయి. తెలంగాణ జిల్లాలకూ అలాగే పోయారు. కూకట్‌పల్లిలో ఉండే మనిషి మండుటెండల్లో మూడు వందల కిలోమీటర్లు పోయి ఓటేసి, తెల్లారేసరికి మళ్లీ ఆఫీసుకొచ్చాడు. అతన్ని బద్ధకస్తుడు అనగలమా?

అతనికి ఊళ్లో ఓటెందుకుంది, ఎందుకంత దూరం పోయాడు అని నేను చాలామందిని అడిగాను. పొలం ఉంది, అమ్మానాన్నలున్నారు, రేషన్ కార్డు అక్కడే ఉంది. ఇవన్నీ చెప్తారు. కానీ కాసేపు మాట్లాడితే ఇంకో మాట బయటికొస్తుంది. "ఫోన్ చేశారు సార్" అంటారు. మేనమామ చేశాడు, చిన్నప్పటి దోస్తు చేశాడు, వార్డు మెంబరు చేశాడు. "అన్నా, ఎప్పుడొస్తున్నవ్? వదినను కూడా తీసుకురా" అని అడిగారు. పోకపోతే వచ్చే దసరాకి ఊళ్లో మొహం చూపించడం కష్టం. ఊళ్లో అతని ఓటు అతని ఒక్కడిదే కాదు, దాని కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

ఇక్కడ మన అపార్ట్‌మెంట్‌లో ఉన్న అదే మనిషికి పోలింగ్ రోజున ఎవరు ఫోన్ చేస్తారు? పార్టీ వాళ్ల రికార్డు చేసిన గొంతు ఒకటి మోగుతుంది, కట్ చేస్తాడు. అతను ఓటేశాడా లేదా అని ఎదురు ఫ్లాట్ వాళ్లు అడగరు. అసలు అతని ఓటు ఇక్కడ ఉందో లేదో వాళ్లకు తెలియదు. నేను ఇవాళ చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. నగరంలో ఓటు తగ్గడానికి మొదటి కారణం, తెలిసినవాళ్లు అడగకపోవడం. మిగతా కారణాలన్నీ దాని వెనకే వస్తాయి, వాటి గురించీ చెప్తాను.

నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. నల్గొండ జిల్లాలో ఉన్నప్పుడు పల్లె బూత్‌లలో ప్రిసైడింగ్ అధికారిగా, అంటే బూత్ బాధ్యత చూసే అధికారిగా కూర్చున్నాను. తర్వాత బదిలీ మీద నగరానికొచ్చి ఇక్కడా కూర్చున్నాను. పల్లె బూత్‌లో పార్టీల ఏజెంట్లకు ఓటరు జాబితా చూడాల్సిన పని లేదు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే "ఫలానా ఆయన చిన్న కోడలు" అని సీరియల్ నంబరు చెప్పేస్తారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి జాబితాలో గీత పడని పేర్లు లెక్కపెట్టుకుని బయటికి కబురు పంపుతారు. "వాళ్లింట్లో ఇద్దరు రాలే, ముసలాయన్ని బండి మీద తీసుకురాండ్రి." అన్ని పార్టీల వాళ్లూ ఇదే పని చేస్తారు.

నగరంలో నేను చూసిన బూత్ వేరు. పొద్దున ఏడింటికి బాగానే వస్తారు. నడకకు పోయే పెద్దవాళ్లు, బస్తీలో ఉండి పనికి పోవాల్సిన ఆడవాళ్లు, డ్యూటీ ఎక్కబోయే డ్రైవర్లు. మన ఇళ్లలో పనిచేసే అక్కలు చాలామంది మనకంటే ముందే ఓటేసి వచ్చి మన గిన్నెలు తోముతారు. పదకొండు దాటాక వరస పలచబడుతుంది. ఏజెంట్లకు ఎవరూ తెలియదు, కార్డు చూసి ఫొటో చూసి తల ఊపుతారు. మధ్యాహ్నానికి కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి.

మీలో చాలామందికి తెలియని పద్ధతి ఒకటి చెప్తాను. పోలింగ్ సమయం ముగిసే నిమిషానికి ప్రిసైడింగ్ అధికారి బయటికొచ్చి, వరసలో ఉన్నవాళ్లకు తాను సంతకం చేసిన చీటీలు ఇవ్వాలి. చివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు ఇస్తూ రావాలి, మధ్యలో ఇంకెవరూ వచ్చి చేరకుండా. చీటీ చేతిలో ఉన్నవాళ్లందరూ ఎంత రాత్రయినా ఓటేయవచ్చు. పల్లెలో నేను ఈ చీటీలు పంచుతుంటే చేతిలోవి చాలక లోపలికి పోయి ఇంకొన్ని రాసుకుని వచ్చిన సందర్భం ఉంది. నగరంలో చీటీలు రాసి పెట్టుకుని గేటు దాకా వెళ్తే, అక్కడ కానిస్టేబుల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ బూత్‌లో ఓటు పడని పేర్లన్నీ ఎవరివి? ప్రిసైడింగ్ అధికారి సంచిలో ఏఎస్‌డీ జాబితా అని ఒక కాగితాల కట్ట ఉంటుంది. ఆ చిరునామాలో దొరకనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు అని దాని అర్థం. పోలింగ్‌కు ముందు బీఎల్ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటింటికీ పోయి ఓటరు స్లిప్పులు ఇస్తుంది కదా, అప్పుడు మనిషి దొరకని పేర్లన్నీ ఈ జాబితాలోకి ఎక్కుతాయి. పల్లెలో ఆ జాబితా పలచగా ఉంటుంది. నగరంలో నేను చూసిన కట్టలు మందంగా ఉండేవి. ఒక్కో ఇంటి నంబరు కింద అయిదారు వేరువేరు ఇంటి పేర్లు. అన్నీ ఆ ఇంట్లో అద్దెకుండి వెళ్లిపోయినవాళ్లవి. అమీర్‌పేటలో కోచింగ్‌కొచ్చి హాస్టల్ అడ్రసు మీద ఓటు రాయించుకున్న పిల్లలు ఉద్యోగమొచ్చి గచ్చిబౌలికో, బెంగళూరుకో పోయారు, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

అంటే మన 46 శాతంలో ఒక భాగం కాగితం మీది సమస్య. మనిషి ఒక చోట, ఓటు ఒక చోట. కొంతమందికి రెండు చోట్లా ఉంది. రెండు చోట్ల ఓటుండడం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం కుదరదు. తప్పుడు వివరాలిచ్చి నమోదు చేసుకుంటే ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. కానీ ఇది చెప్పి ఎవర్నీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటూ, పిల్లల్ని ఇక్కడే చదివిస్తూ, ఇక్కడి ఆస్తి పన్ను కడుతూ, ఓటు మాత్రం ఊళ్లో ఉంచుకున్నవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంటి ముందు డ్రైనేజీ పొంగితే ఊరి సర్పంచ్‌కు చెప్తారా? మన ఊరి మీద ప్రేమ ఎక్కడికీ పోదు. సంక్రాంతికి పోదాం, జాతరకు పోదాం. ఓటు మాత్రం మనం రోజూ నీళ్లు తాగే చోట ఉంటే మంచిది కదా.

ఇంకో రకం బాధితులున్నారు. పేరుందనుకుని పోతే లేనివాళ్లు. 2018 డిసెంబరు 7న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పాత ఎన్నికల్లో ఓటేసినవాళ్లు కూడా కార్డు పట్టుకుని పోతే జాబితాలో పేరు లేదన్నారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరూ అలాగే గల్లంతయింది. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారే జనానికి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు వెనక్కి తిరిగి వెళ్లిన మనిషి మళ్లీ నమోదు చేసుకుంటాడా, విసిగిపోయి ఊరుకుంటాడా అన్నది పక్కనున్న మనం ఒక మాట అడుగుతామా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కార్డు ఉంటే ఓటున్నట్టే అని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. కార్డు మీ గుర్తింపు మాత్రమే. జాబితాలో పేరుంటేనే ఓటు. పేరుండి కార్డు పోయినా ఫర్వాలేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చూపించి ఓటేయవచ్చు.

పోలింగ్ రోజు ఎలా వస్తుందో కూడా చూద్దాం. 2020 డిసెంబరు 1 మంగళవారం. ముందు రోజు కార్తీక పౌర్ణమి, దాని ముందు ఆదివారం, అంతకుముందు నాలుగో శనివారం. వరసగా నాలుగు రోజులు సెలవు. కరోనా కాలం కాబట్టి సాఫ్ట్‌వేర్ పిల్లలు అప్పటికే లాప్‌టాప్‌లు పట్టుకుని ఊళ్లకు పోయి అక్కడ్నుంచే పనిచేస్తున్నారు. ఇది అర్థం చేసుకోదగిన కారణమే. ఎన్నికల సంఘం వాళ్లు కూడా దీన్ని గమనించారు. 2025లో ఢిల్లీ అసెంబ్లీ ఎన్నిక కావాలనే బుధవారం పెట్టామని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ చెప్పారు. వారం మధ్యలో పెడితే కొంత మేలు. కానీ తేదీ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవాటి గురించి మాట్లాడుకుందాం.

"ఎవరొచ్చినా ఒకటే సార్, మన రోడ్డు మారదు." ఈ మాట మన కాలనీలోనే చాలా మంది నోట విన్నాను, ఇక్కడ కూర్చున్నవాళ్లలో కూడా కొందరు అన్నారు. దీన్ని తేలిగ్గా తీసిపారేయను. నగరంలో ఏ పని ఎవరిదో తెలుసుకోవడమే కష్టం. నీళ్లు, డ్రైనేజీ జలమండలి చూస్తుంది. కరెంటు డిస్కం. చెరువు కబ్జా అయితే హైడ్రా. రోడ్డు, చెత్త, వీధి దీపాలు, నాలాలో పూడిక తీయడం బల్దియా. ఒక రోడ్డు మీద ఒకరు తవ్వితే ఇంకొకరు పూడ్చాలి. ఎవర్ని నిలదీయాలో తెలియనప్పుడు ఎవరికి ఓటేస్తే ఏమిటి అనిపించడం సహజం. 2020 అక్టోబరులో వరదలొచ్చి కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఏడు వారాలకు ఎన్నికలొస్తే, అంత కోపమున్న నగరంలో కూడా సగం మంది బూత్‌కు రాలేదు. కోపం బూత్ దాకా నడవలేదు.

ఇప్పుడు ఇంకోవైపు నుంచి చూడండి, పోటీ చేసే మనిషి వైపు నుంచి. 2020లో వార్డుకు సగటున దాదాపు యాభై వేల ఓట్లు. నలభై ఆరు శాతం పడితే ఇరవై మూడు వేలు. త్రిముఖ పోటీలో అందులో పదివేలు తెచ్చుకున్నవాళ్లు గెలుస్తారు. యాభై వేలలో పదివేలు, అంటే అయిదుగురిలో ఒక్కరు. అభ్యర్థికి ఆ పదివేలు ఎక్కడున్నాయో బాగా తెలుసు. ఏ బస్తీలో వేస్తారు, ఏ అపార్ట్‌మెంట్‌లో వేయరు అన్న లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. మనం ఎవరికి వేశామన్నది రహస్యం. మన బూత్‌లో ఎంతమంది వేశారన్నది రహస్యం కాదు. సాయంత్రం పోలింగ్ ముగియగానే ఆ లెక్క ఏజెంట్ల చేతికి వస్తుంది. గెలిచినవాళ్లూ, ఓడినవాళ్లూ అయిదేళ్లు ఆ లెక్కనే చూసుకుంటారు. ముప్ఫై శాతం పడే బూత్‌కు చెందిన కాలనీ నుంచి నలుగురు పెద్దమనుషులు అర్జీ పట్టుకుని వెళ్తే కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. పని మాత్రం ఓట్లు పడే చోట ముందు అవుతుంది. మనం పెట్టిన అర్జీల ఫైలు కార్యదర్శి గారి దగ్గర ఉంది, తీసి చూడండి. వాటికి జవాబు రాకపోవడానికి మన బూత్ శాతం కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒక్క ఓటుతో ఏమవుతుంది అంటారు. ఒక్క ఓటుతో ఓడిపోయిన రాజస్థాన్ అభ్యర్థి కథ నేను చెప్పను, మన దగ్గరివే చెప్తాను. 2020లో బీఎన్ రెడ్డి నగర్ వార్డులో గెలుపోటముల తేడా 32 ఓట్లు. ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు అంతస్తుల వాళ్లు వస్తే అటూ ఇటూ అయ్యేంత తేడా. ఇందాక చెప్పిన యాకుత్‌పురాలో 2023లో తేడా 878 ఓట్లు, సగానికి పైగా ఓటర్లు ఇంట్లో ఉన్న చోట. అదే ఎన్నికల్లో చేవెళ్లలో 268. ఏ పార్టీ గెలిచిందన్నది ఇక్కడ మనకు అనవసరం. మన సంఘం ఏ పార్టీదీ కాదు, ఈ సమావేశం తర్వాత కూడా కాకూడదు. ఓటెవరికి అని ఎవర్నీ అడగవద్దు. వేశారా లేదా అని మాత్రం అడుగుదాం.

ఇంకా ఘోరమైన సంగతి ఒకటుంది. ఎన్నికలే జరగకపోవడం. మన హైదరాబాద్‌లో 1986 తర్వాత మళ్లీ కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో ఏళ్ల తరబడి అధికారుల పాలనే. బెంగళూరులో 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరాక అయిదేళ్లకు పైగా కార్పొరేటర్లు లేకుండానే నగరం నడిచింది. కార్పొరేటర్ లేకపోతే నాకేం అనుకునే జనం ఎక్కువగా ఉన్నచోట ఎన్నికలు వాయిదా వేయడం ఏ ప్రభుత్వానికైనా సులువు. అడిగేవాళ్లుండరు కాబట్టి.

మన బల్దియా పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరితో తీరిపోయింది. చుట్టుపక్కల పురపాలికలను కలిపారు, వార్డుల హద్దులు మార్చారు. కాబట్టి పోయినసారి ఎక్కడ ఓటేశామో ఈసారీ అక్కడే అని అనుకోవద్దు. మన కాలనీలో రెండు వీధులు వేరే వార్డులోకి పోయినా ఆశ్చర్యం లేదు. ఇంకో సంగతి. స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ వాడేది అసెంబ్లీ ఓటరు జాబితానే, దాన్ని వార్డులవారీగా విడగొడతారు. అసెంబ్లీ జాబితాలో మీ పేరు లేకపోతే వార్డు జాబితాలోకి రాదు. షెడ్యూలు వచ్చాక పరుగెత్తితే పని కాదు. ఇప్పుడే చూసుకోవాలి.

ఏం చేయాలో చెప్తాను. కొత్తగా నమోదుకు ఫారం 6. ఇల్లు మారినా, పేరులో, వయసులో తప్పులున్నా ఫారం 8. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే వారి పేరు తీయించడానికి ఫారం 7. ఈ మూడోది మనసుకు కష్టంగా ఉంటుంది, అందుకే చాలామంది చేయరు, కానీ చేయాలి. ఎన్నికల సంఘం యాప్‌లోనో, వెబ్‌సైటులోనో చేసుకోవచ్చు. ఫోన్ చేతకానివాళ్లు బీఎల్ఓకు కాగితం ఇవ్వవచ్చు. 1950 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. పిల్లలకు పద్ధెనిమిది నిండాక వచ్చే జనవరి దాకా ఆగక్కర్లేదు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తారీఖులు నాలుగూ లెక్కలోకి వస్తాయి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు పుట్టినరోజు కేకుతో పాటు ఫారం 6 కూడా గుర్తు పెట్టుకోండి.

ఇళ్ల యజమానులకు ఒక విన్నపం. మన కాలనీలో చాలా ఇళ్లలో అద్దెకున్నవాళ్లే ఉన్నారు. వాళ్లు మన అడ్రసు మీద ఓటు రాయించుకుంటామంటే కొందరు యజమానులు వద్దంటున్నారు, రేపు ఇల్లు మాదేనంటారేమోనని భయం. ఓటరు జాబితాలో పేరున్నంత మాత్రాన ఎవరికీ ఇంటి మీద హక్కు రాదు. ఆ భయం పెట్టుకోవద్దు. అద్దెకున్నవాళ్లు కూడా ఈ వీధిలోనే నడుస్తారు, ఈ దోమలే వాళ్లనూ కుడతాయి. వాళ్లొచ్చిన రోజే అద్దె అగ్రిమెంటు కాపీ ఇచ్చి, "ఓటు ఇక్కడికి మార్చుకో బాబూ" అని మీరే చెప్తే ఎంత బాగుంటుంది.

వాచ్‌మన్లకు కూడా చెప్పాలి. బీఎల్ఓ చాలాసార్లు అంగన్‌వాడీ టీచర్ అయి ఉంటుంది. తన పని అయ్యాక ఎండలో సంచి తగిలించుకుని వస్తుంది. మన గేటు దగ్గర "పర్మిషన్ లేదు" అని ఆపేస్తున్నారు. కొరియర్ అబ్బాయిని పైకి పంపుతాం, ఆమెను పంపం. ఆమె వెనక్కి పోయి మన పేర్ల పక్కన "లేరు" అని రాసుకుంటే తప్పెవరిది? ఆమె వస్తే కుర్చీ వేయండి, నీళ్లివ్వండి, ప్రతి బ్లాకు నుంచి ఒకరు కిందికి దిగి ఆమె పక్కన కూర్చోండి.

పోలింగ్ రోజు చిన్నచిన్న అడ్డంకులు ఉంటాయి. బూత్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఒంటరిగా పోయిన మనిషి ఫోన్ ఎవరికివ్వాలో తెలియక వెనక్కి రావడం నేను కళ్లారా చూశాను. ఫోన్లు దాచే ఏర్పాటు చేయాలని 2025లో ఎన్నికల సంఘం ఆదేశాలిచ్చింది. అయినా మనమే ఇద్దరు ముగ్గురు కలిసి పోతే ఆ బాధే ఉండదు. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకైతే 85 ఏళ్లు దాటినవాళ్లు, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు ముందుగా ఫారం 12డి ఇస్తే సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు తీసుకుంటారు. మిగతా పెద్దవాళ్లకు ఆ రోజు మన కార్లు ఉన్నాయి. కానీ అన్ని ఇళ్ల పెద్దవాళ్లకూ, పార్టీ జెండా లేకుండా, ఎవరి తరఫునా కాకుండా, కొడుకో పక్కింటివాళ్లో తీసుకుపోయినట్టు తీసుకుపోవాలి. ఇక ఆఫీసులు. పార్లమెంటు, అసెంబ్లీ పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది. మీ దగ్గర పనిచేసే డ్రైవరుకు, వంటమనిషికి ఆ సెలవు మీరే ఇవ్వాలి. అది గుర్తుంచుకోండి.

అభ్యర్థులెవరూ నచ్చకపోతే నోటా నొక్కడానికైనా రండి అని కొందరు ఆడపిల్లలకు చెప్పాను. అది కూడా లెక్కలోకి వస్తుంది. మీరు వచ్చారని తెలుస్తుంది.

ఇప్పుడు పని పంచుకుందాం. ప్రతి బ్లాకుకు, ప్రతి వీధికి ఇద్దరు కావాలి, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. వాళ్ల పని ఏమిటంటే, ఓటరు జాబితాలో తమ బ్లాకు పేర్లు చూసి, ఉన్నవాళ్లెవరు, వెళ్లిపోయినవాళ్లెవరు, పేరు లేనివాళ్లెవరు అని మూడు రకాలుగా గుర్తు పెట్టడం. పోలింగ్ నాటి పొద్దున తమ బ్లాకులో తలుపు కొట్టి "మేం పోతున్నాం, మీరూ వస్తారా?" అని అడగడం. మధ్యాహ్నం మరోసారి ఫోన్ చేయడం. ఇంతకుమించి ఏమీ లేదు. పక్క ఫ్లాట్ మనిషి ఊరి మేనమామలాగా అడగాలి, అంతే.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇదే హాల్లో మూడు బల్లలు వేస్తాం. ఒకదాని దగ్గర జాబితాలో పేరు చూసి చెప్తారు, ఒకదాని దగ్గర ఫారాలు నింపుతారు, మూడోదాని దగ్గర ఫోన్లో అప్‌లోడ్ చేస్తారు. డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ఒప్పుకున్నారు, ఇంకో నలుగురు కావాలి. వచ్చేటప్పుడు ఆధార్, కరెంటు బిల్లు లేదా అద్దె అగ్రిమెంటు, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో తెచ్చుకోండి. పాత ఓటరు కార్డు ఏ ఊరిదైనా సరే తీసుకురండి, దాని మీది నంబరు కావాలి. సి బ్లాకు నుంచి ఇంకా ఎవరూ పేరివ్వలేదు. ఇక్కడ సి బ్లాకు వాళ్లు ఎవరున్నారు, చేతులెత్తండి.